ధాన్యం నానబెడితే ఫైటిక్ యాసిడ్ పోతుందా? గింజ లెక్క వేరు, పిండి లెక్క వేరు

అడిగినవి మూడు. గోధుమలు, ముడి బియ్యం, రాగులు, ఓట్స్ లాంటివి రాత్రంతా నానబెడితే ఫైటిక్ యాసిడ్ పోయి ఖనిజాలు ఒంటికి పడతాయన్నది ఎంత నిజం? నీళ్లలో నిమ్మరసమో వెనిగరో కలపాలా? నానిన నీళ్లు పారబోయాలా, వంటలో వాడుకోవాలా?

ముందు తేల్చి చెప్పేస్తాను. గింజను గింజగానే చన్నీళ్లలో ఒక రాత్రి నానబెడితే వంట త్వరగా అవుతుంది, గింజ లోపలిదాకా మెత్తగా ఉడుకుతుంది. ఖనిజాల విషయంలో మాత్రం ప్రచారంలో ఉన్నంత లాభం లేదు. అదే ధాన్యాన్ని రవ్వగానో పిండిగానో చేసి, వెచ్చగా, కొంచెం పుల్లగా ఉంచితే ఫలితం పూర్తిగా వేరు. ఈ తేడా ఎందుకో అర్థమైతే మిగతా ప్రశ్నలకు జవాబులు వాటంతటవే వస్తాయి.

ఫైటిక్ యాసిడ్ అంటే విత్తనం తన మొలక కోసం దాచుకున్న ఫాస్ఫరస్. ధాన్యంలో ఉన్న మొత్తం ఫాస్ఫరస్‌లో 60 నుంచి 80 శాతం సాధారణంగా ఈ రూపంలోనే ఉంటుంది. ఒక్కో అణువుకు ఆరు ఫాస్ఫేట్లు తగులుకుని ఉంటాయి, అవి ఐరన్, జింక్, కాల్షియం లాంటి వాటిని పట్టేసుకుంటాయి. దాన్ని విడగొట్టే ఎంజైమ్ మన పేగుల్లో చాలా తక్కువ కాబట్టి పట్టుకున్నది పట్టుకున్నట్టే బయటికి పోతుంది. వరిలో, గోధుమలో ఇది ఎక్కువగా తవుడు పొరలో ఉంటుంది. మొక్కజొన్నలో దాదాపు 90 శాతం మొలక భాగంలో ఉంటుంది. అందుకే పాలిష్ పట్టిన తెల్ల బియ్యాన్ని ఫైటిక్ యాసిడ్ కోసమని నానబెట్టడం అనవసరం. అది చాలావరకు మిల్లులోనే తవుడుతో పోయింది, ఐరన్, జింక్, బి విటమిన్లను కూడా వెంట తీసుకుపోయింది. తెల్ల బియ్యం నానబెట్టేది అన్నం పొడుగ్గా, విడివిడిగా రావడానికి, గ్యాస్ ఆదా కావడానికి. అందుకైతే అరగంట చాలు.

ఈ ఫైటిక్ యాసిడ్‌ను విప్పే ఎంజైమ్ పేరు ఫైటేజ్. అది కూడా గింజలోనే ఉంటుంది, కానీ అన్ని గింజల్లో సమానంగా కాదు. రై (గోధుమకు దగ్గరి ధాన్యం), గోధుమ, బార్లీలో బాగా ఉంటుంది, రైలో అన్నిటికంటే ఎక్కువ. మొక్కజొన్న, జొన్న, వరి, చిరుధాన్యాల్లో తక్కువ. ఓట్స్‌లో సహజంగానే కొద్దిగా ఉంటుంది. పైగా దుకాణంలో దొరికే ఓట్స్‌ను నిల్వలో చేదెక్కకుండా ముందే ఆవిరితో వేడి చేస్తారు, ఆ వేడికి ఉన్న కాస్త ఎంజైమ్ కూడా చచ్చిపోతుంది. కాబట్టి ఓట్స్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెడితే మెత్తబడతాయి, అంతే. ఎంజైమ్ లేని గింజ, ఎంజైమ్ కదలని చలి, రెండూ ఒకచోట చేరినప్పుడు ఫైటిక్ యాసిడ్ తగ్గుతుందని ఆశపడకూడదు.

ఎంజైమ్ ఉన్న గోధుమలో కూడా గింజ చెక్కుచెదరకుండా ఉంటే పని నెమ్మదే. ఎంజైమ్, ఫైటిక్ యాసిడ్ ఒకే పొరలో ఉన్నా ఒకదానికొకటి అందవు, ఎందుకంటే ఫైటిక్ యాసిడ్ కణాల లోపల గట్టి రేణువులుగా పేర్చి ఉంటుంది. నీళ్లు, పులుపు పై పొట్టును దాటి లోపలికి వెళ్లడానికే గంటలు పడుతుంది. గింజ నిజంగా మొలకెత్తడం మొదలుపెట్టాకే ఆ నిల్వను తవ్వి తీసుకుంటుంది. ముడి బియ్యం మీద 2008లో వచ్చిన ఒక పరిశోధన దీన్ని అంకెల్లో చూపించింది. గింజను 25 డిగ్రీల దగ్గర 24 గంటలు నానబెడితే తగ్గిన ఫైటిక్ యాసిడ్ 20 శాతం లోపే. పులియబెట్టిన పద్ధతుల్లో 56 నుంచి 96 శాతం దాకా తగ్గింది. అక్కడే ఇంకో సంగతి కూడా బయటపడింది. తడి పద్ధతుల్లో చాలావాటిలో జింక్ కూడా కొంత కరిగి నీళ్లలోకి పోయింది, ఫైటిక్ యాసిడ్ అంతగా తగ్గినా కరిగే జింక్ మాత్రం ఆశించినంత పెరగలేదు.

2005లో సజ్జ, మొక్కజొన్న, వరి, సోయా లాంటి గింజల్ని 24 గంటలు నానబెట్టి చూసిన మరో పరిశోధనలోనూ ఇదే ధోరణి కనిపించింది. ఫైటిక్ యాసిడ్ తగ్గింది, కానీ ఐరన్ కూడా నీళ్లలోకి దిగిపోయింది. రెండిటి నిష్పత్తి చూస్తే ఐరన్‌కు మెరుగేమీ రాలేదు, జింక్‌కు కొద్దిగా వచ్చింది.

ఈ నిష్పత్తి గురించి కాస్త ఆగి చెప్పాలి. "నానబెడితే సగం పోతుంది" అని వినగానే సగం లాభం వచ్చినట్టే అనుకుంటాం. జింక్ సరిగ్గా ఒంటికి పట్టాలంటే ఫైటిక్ యాసిడ్‌కూ జింక్‌కూ మధ్య మోలార్ నిష్పత్తి (బరువును అణుభారంతో భాగించి పోల్చే నిష్పత్తి) 15 కంటే తక్కువ ఉండాలి, ఇంకా తగ్గేకొద్దీ ఇంకా మంచిది. ఐరన్‌కు అది 1 కంటే కిందికి, వీలైతే 0.4 దాకా రావాలి. 100 గ్రాముల గోధుమ పిండిలో 800 మిల్లీగ్రాముల ఫైటిక్ యాసిడ్, 3 మిల్లీగ్రాముల జింక్, 4 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్నాయని అనుకుందాం. ఫైటిక్ యాసిడ్‌ను 660తో, జింక్‌ను 65తో, ఐరన్‌ను 56తో భాగించి నిష్పత్తి తీస్తే జింక్‌కు సుమారు 26, ఐరన్‌కు సుమారు 17 వస్తాయి. ఫైటిక్ యాసిడ్ సగానికి తగ్గితే జింక్ నిష్పత్తి 13కు దిగుతుంది, అంటే గీత దాటాం. ఐరన్‌ది ఎనిమిదిన్నర దగ్గర ఆగుతుంది, గీత ఇంకా చాలా దూరం. స్వీడన్ పరిశోధకులు 1989లో మనుషుల మీద చేసిన కొలతలు కూడా ఇదే చెబుతాయి. భోజనంలో ఫైటేట్ (ఫైటిక్ యాసిడ్ లవణం) రూపంలో 2 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ కలిపితేనే ఐరన్ శోషణ 18 శాతం పడిపోయింది, 25 మిల్లీగ్రాములకు 64 శాతం, 250కి 82 శాతం. ఎక్కువ ఉన్న చోట సగం తీసేసినా ఐరన్‌కు పెద్దగా తేడా రాదు, దాదాపు మొత్తం తీసేస్తేనే వస్తుంది. జింక్ అంత మొండి కాదు, తగ్గించిన మేరకు ఫలితం ఇస్తుంది.

అందువల్ల ఐరన్ కోసమే తాపత్రయం అయితే, అరకొర నానబెట్టడం కంటే అదే భోజనంలో విటమిన్ సి ఉండేలా చూసుకోవడం తేలిక. 50 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి, అంటే ఒక మామూలు జామకాయలో సగం లోపే, ఫైటిక్ యాసిడ్ పట్టును చాలావరకు సడలిస్తుంది. అయితే అదే పూటలో తినాలి, పొద్దున తిన్న జామకాయ రాత్రి భోజనానికి పనికిరాదు.

ఇప్పుడు పద్ధతి. గోధుమ, రై, బార్లీ విషయంలో చేయాల్సింది గింజను పగలగొట్టడం. రవ్వ అయినా పిండి అయినా సరే, ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా పని అవుతుంది. తవుడు తీయని పిండే వాడాలి, మైదాలో తీసేయడానికి ఫైటిక్ యాసిడ్ పెద్దగా లేదు. ఫైటేజ్ 45 నుంచి 55 డిగ్రీల మధ్య, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 నుంచి 5.5 మధ్య చురుగ్గా పనిచేస్తుంది. వట్టి నీళ్లు కలిపిన గోధుమ పిండి పీహెచ్ 6 పైనే ఉంటుంది. దాన్ని ఒక మెట్టు కిందికి దించితే చాలు. ఫ్రాన్స్‌లో గోధుమ పిండి మీద చేసిన పనిలో పీహెచ్ 5.5 దగ్గరికి తెచ్చిన ముద్దలో ఫైటిక్ యాసిడ్ 70 శాతం దాకా తగ్గింది, పులుపు లేని ముద్దలో 40 శాతమే.

వంటింట్లో ఇలా చేయొచ్చు. 200 గ్రాముల పిండి లేదా సన్న రవ్వకు 300 మిల్లీలీటర్ల నీళ్లు. మరిగే నీళ్లు ఒక వంతు, గది వేడిలో ఉన్న నీళ్లు రెండు వంతులు కలిపితే సుమారు 50 డిగ్రీలు వస్తుంది, పిండి కలిపాక 45 దగ్గరికి దిగుతుంది. వేలు పెడితే వేడిగా అనిపించాలి, కాలకూడదు. అందులో ఒక చెంచా (5 మిల్లీలీటర్లు) నిమ్మరసం కలిపి, పీహెచ్ కాగితం ఉంటే చూసుకోండి. 5.5 కంటే పైన ఉంటే ఇంకో అర చెంచా వేయండి. మూత పెట్టి, మందపాటి గుడ్డ చుట్టిన గిన్నెలోనో వెడల్పు మూతి ఫ్లాస్కులోనో రెండు మూడు గంటలు ఉంచాలి. ఆ తర్వాత వెంటనే వండేయాలి. ఇక్కడ నీళ్లు పారబోసే పని లేదు, పిండితో పాటు అవీ వంటలోకే వెళ్తాయి. ఫైటిక్ యాసిడ్ విడిపోయింది, ఖనిజాలూ విటమిన్లూ గిన్నెలోనే ఉన్నాయి. నానబెట్టే పద్ధతులన్నిటిలో నాకు సబబుగా తోచేది ఇదే.

ఇందులో జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి. సలసల కాగే నీళ్లు నేరుగా పిండి మీద పోస్తే ఫైటేజ్ అక్కడికక్కడే చచ్చిపోతుంది, తర్వాత ఎన్ని గంటలు ఉంచినా ఉపయోగం లేదు. ఫైటిక్ యాసిడ్‌కు మాత్రం ఉడకడం వల్ల పెద్ద నష్టం ఉండదు. అంటే వంట మొదలవగానే ఆ అవకాశం ముగిసినట్టే, తగ్గించేదేదో పొయ్యి మీద పెట్టకముందే జరగాలి. ముందే వేయించిన రవ్వా అంతే, ఎంజైమ్ వేపుడులోనే పోయి ఉంటుంది. నిమ్మరసం ఎక్కువ వేస్తే ఇంకా మంచిదనుకుంటారు, కానీ పీహెచ్ 4 కంటే దిగితే ధాన్యపు ఫైటేజ్ మందగిస్తుంది. వంటసోడా వేయడం రెండు విధాల నష్టం. పీహెచ్ తప్పు దిక్కుకు వెళ్తుంది, క్షారంలో ఉడికితే బి1 విటమిన్ నాశనమవుతుంది. పాలల్లో నానబెట్టడం కూడా ఈ పనికి సరిపడదు. పులుపు తక్కువగా ఉన్నచోట కాల్షియం ఫైటిక్ యాసిడ్‌తో కలిసి కరగని లవణంగా మారుతుంది, కరగనిదాన్ని ఎంజైమ్ అందుకోలేదు. బాగా కఠినమైన బోరు నీళ్లలోనూ కొంతవరకు ఇదే ఇబ్బంది. తాగే మెత్తటి నీళ్లు వాడితే సరిపోతుంది.

జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, ముడి బియ్యం, ఓట్స్ సంగతి వేరు. వాటిలో ఎంజైమ్ తక్కువ కాబట్టి బయటి నుంచి ఇవ్వాలి. అన్నిటికంటే తేలిక దారి, ఆ పిండికి పదో వంతు తాజాగా విసిరిన గోధుమ పిండి గానీ రై పిండి గానీ కలిపి పైన చెప్పినట్టే వెచ్చగా ఉంచడం. 200 గ్రాములకు 20 గ్రాములు. గోధుమ, రైలలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడనివాళ్లకు ఇది కుదరదు. వాళ్లు బక్‌వీట్ పిండి (పేరులో వీట్ ఉన్నా అది గోధుమ కాదు, గ్లూటెన్ ఉండదు) వాడొచ్చు, అందులోనూ ఫైటేజ్ బాగానే ఉంటుంది. ఎన్ని గంటలు నానబెట్టినా గోధుమలోని గ్లూటెన్ పోదని కూడా చెప్పాలి, గ్లూటెన్ వల్ల పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు ఈ విషయంలో మోసపోకూడదు.

రెండో దారి పులియబెట్టడం. పిండిలో పెరిగే లాక్టిక్ బ్యాక్టీరియా పులుపు తెచ్చిపెడుతుంది, ఆ పులుపులో, గింజలో ఉన్న కొద్దిపాటి ఫైటేజ్ కూడా పనిచేయడానికి వ్యవధి దొరుకుతుంది. కిందటి వాయి పిండిలోంచి పదో వంతు మిగిల్చి కొత్తదానిలో కలుపుతూ పోతే ప్రతిసారీ త్వరగా, ఒకే తీరుగా పులుస్తుంది. ముడి బియ్యానికైతే నానిన నీళ్లను పదో వంతు సీసాలో దాచి, తర్వాతిసారి నానబెట్టే నీళ్లలో పోస్తారు. నాలుగైదు విడతలయ్యాక ఆ నీళ్లు నిజమైన పులుపు పట్టి, గింజ మీద వాటి ప్రభావం మొదటి విడత కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. మధ్యలో ఫ్రిజ్‌లో పెట్టి, వారం లోపు వాడేయాలి. మంచి పులుపు వాసన పెరుగు వైపు ఉంటుంది. కుళ్లు వాసన, గులాబీ లేదా నల్ల మచ్చలు, జిగట తీగలు కనిపిస్తే మొత్తం పారేయాలి.

మూడోది మొలకెత్తించడం. 8 నుంచి 12 గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంపేసి, తడి గుడ్డలో 24 నుంచి 48 గంటలు ఉంచి, ఆరేడు గంటలకోసారి కడుగుతూ ఉండాలి. మొలక గింజ పొడవులో సగానికి రాగానే ఆపి ఆరబెట్టవచ్చు. ఫైటేజ్ పెరుగుతుంది, ఫైటిక్ యాసిడ్ రోజురోజుకూ తగ్గుతుంది, పిండిపదార్థం కొంత విరిగి జావ పలచగా కాస్తుంది. జావ పలచగా ఉంటే అదే గిన్నెలో పిండి ఎక్కువ వేయొచ్చు, చిన్నపిల్లలకు ఒక్కో చెంచాలో అందే శక్తి పెరుగుతుంది. రాగులకు ఇది చక్కగా కుదురుతుంది. జొన్నకు మాత్రం ఒక హెచ్చరిక ఉంది. జొన్న మొలకల్లో, వేర్లలో ధురిన్ అనే పదార్థం తయారవుతుంది, దాని నుంచి సైనైడ్ విడుదలవుతుంది. మొలకెత్తిన జొన్నను బాగా ఎండబెట్టి, మొలకలూ వేర్లూ పూర్తిగా నులిమి చెరిగి తీసేశాకే విసరాలి. జొన్న మొలకలను పచ్చిగా తినకూడదు.

రాగి, ఎర్ర జొన్న లాంటి రంగు గింజల్లో ఫైటిక్ యాసిడ్ ఒక్కటే కాదు, టానిన్లు అనే వగరు పదార్థాలు కూడా ఉంటాయి. అవీ ఐరన్‌ను పట్టుకుంటాయి. పై పొట్టులో ఉంటాయి కాబట్టి నానిన నీళ్లలోకి కొంత దిగుతాయి, నీళ్లు గోధుమ రంగులోకి మారేది అందుకే. ఇలాంటి గింజలకు మొదటి నీళ్లు పారబోయడమే మంచిది.

ఇక నీళ్ల ప్రశ్న. గింజగా నానబెట్టినప్పుడు నీళ్లలోకి దిగేవి రెండు రకాలు. వద్దనుకునేవాటిలో టానిన్లు, కొంత ఫైటిక్ యాసిడ్, దుమ్ము, సూక్ష్మజీవులు. పోకూడనివాటిలో బి1, ఫోలేట్, నియాసిన్ (బి3), పొటాషియం, కొంత ఐరన్, జింక్. రంగు గింజలు, మురికి గింజలు, వెచ్చటి గదిలో ఆరు గంటలు దాటి నానినవి అయితే పారబోయండి. శుభ్రంగా కడిగి, ఫ్రిజ్‌లో నానబెట్టిన గోధుమ, బార్లీ అయితే ఆ నీళ్లతోనే వండుకోవచ్చు. బియ్యంలో ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని తగ్గించాలన్నదే ఉద్దేశమైతే మాత్రం లెక్క తిరగబడుతుంది. బియ్యానికి ఆరు రెట్ల నీళ్లలో ఉడికించి వార్చేస్తే ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుంది, కానీ విటమిన్లు కలిపి అమ్మే బియ్యంలో ఆ విటమిన్లలో సగానికి పైగా వార్పులోనే పోతాయి. మధ్యే మార్గంగా, మరిగే నీళ్లలో బియ్యం వేసి ఐదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు వంపేసి, కొత్త నీళ్లు సరిపడా పోసి ఇగిరేదాకా వండితే ఆర్సెనిక్ బాగా తగ్గుతుంది, విటమిన్ల నష్టం కొంత తక్కువగా ఉంటుంది. రోజూ మూడు పూటలా అన్నమే తినే చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఆలోచించదగ్గది.

నానబెట్టడం వల్ల విటమిన్లు పోవడమే కాదు, నిలవడమూ ఉంది. వడ్లను పొట్టుతోనే నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి దంచితే ఉప్పుడు బియ్యం వస్తుంది. నీళ్లు లోపలికి ఇంకేటప్పుడు తవుడు పొరలోని బి1ను గింజ మధ్యకు తీసుకుపోతాయి, ఆవిరికి పిండిపదార్థం గట్టిపడి దాన్ని అక్కడే బంధిస్తుంది. అందుకే పాలిష్ పట్టినా ఉప్పుడు బియ్యంలో పచ్చి బియ్యం కంటే బి1 ఎక్కువ మిగులుతుంది. మొక్కజొన్నకూ ఇలాంటి ప్రత్యేకత ఒకటుంది. గింజ బరువులో ఒక శాతం సున్నం వేసిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా అందులోనే ఉంచి, కడిగితే, అప్పటిదాకా ఒంటికి పట్టని రూపంలో బిగుసుకుని ఉన్న నియాసిన్ విడుదలవుతుంది. మధ్య అమెరికా ప్రజలు అనాదిగా చేసేది ఇదే. ఈ పద్ధతి లేకుండా మొక్కజొన్నను మాత్రమే తీసుకెళ్లి దాని మీదే బతికిన పేదల్లో నియాసిన్ లోపం వల్ల వచ్చే పెల్లాగ్రా జబ్బు విరుచుకుపడింది. క్షారం వద్దని పైన చెప్పిన మాట ఈ ఒక్క చోట వర్తించదు.

ఇంత శ్రమ ఎవరికి అవసరం? ఐరన్, జింక్ ఎక్కువగా ధాన్యం నుంచే వచ్చే ఇళ్లకు, గర్భిణులకు, ఆరు నెలలు దాటి రెండేళ్ల లోపు పిల్లలకు. 1960ల మొదట్లో ఆనంద ప్రసాద్ అనే వైద్యుడు ఇరాన్‌లో, తర్వాత ఈజిప్టులో ఎదుగుదల ఆగిపోయిన యువకులను చూసి జింక్ లోపాన్ని గుర్తించారు. ఇరాన్‌లోని ఆ యువకుల తిండి దాదాపు పూర్తిగా పులియని గోధుమ రొట్టె. మాంసం, చేప, గుడ్డు, పండ్లు కలగలిపి తినేవాళ్లకు ఈ సమస్య అంత బరువైంది కాదు. పైగా ఫైటిక్ యాసిడ్ మూత్రపిండాల్లో కాల్షియం స్ఫటికాలు కట్టకుండా కూడా అడ్డుపడుతుంది కాబట్టి దాన్ని విషంలా చూడనక్కర్లేదు.

చివరగా భద్రత. వెచ్చని తడి ధాన్యం, తిండిని విషం చేసే బ్యాక్టీరియా బ్యాసిల్లస్ సిరియస్‌కు ఇష్టమైన చోటు. దాని బీజాలు వంటలో చావవు, అది విడిచే ఒక విషం మళ్లీ ఉడికించినా పోదు. గది 25 డిగ్రీలు దాటి ఉంటే గింజలను ఎనిమిది గంటలు మించి బయట ఉంచకండి. అంతకంటే ఎక్కువసేపు కావాలంటే ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా నాలుగైదు గంటలకోసారి నీళ్లు మార్చండి. బూజు పట్టిన గింజలను నానబెట్టి కడిగితే బాగైపోతాయనుకోకండి, బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం అలా పోదు. నానిన గింజలను ఆరబెట్టి పిండి పట్టించాలంటే పలచగా పరిచి, గాలి బాగా ఆడేచోట ఒకే రోజులో ఆరేలా చూడండి. నోట వేసుకుని కొరికితే టక్కున విరగాలి. పంటి కింద నలిగితే ఇంకా తేమ ఉన్నట్టే, ఆ పిండి డబ్బాలో పురుగు కంటే ముందు బూజు పడుతుంది. బాగా ఎండినది కూడా మొలక భాగంలోని నూనె వల్ల త్వరగా ముక్కిపోతుంది కాబట్టి రెండు మూడు వారాలకు సరిపడానే పట్టించుకుని, మిగతాది గింజగానే ఉంచుకోండి.